త్రిఫల చూర్ణం, హిమం, కషాయం: రసాయన కూర్పును సరిగ్గా పోల్చి చూడటం ఎలా?

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం వైపు నుంచి, అటు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ, అహేరి వైపు నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్న ఇది. "మా దగ్గర త్రిఫల చూర్ణం ఉంది, కషాయం కూడా కాస్తాం. రెండింట్లో ఉన్నది ఒకటేనా? తేడా ఉంటే ఎలా తేల్చుకోవాలి?" అడిగేవారిలో ఫార్మసీ, కెమిస్ట్రీ విద్యార్థులున్నారు. కాయలు ఎండబెట్టి పొడి చేసి అమ్మే మహిళా సంఘాలవారున్నారు. తాతల నాటి వైద్యం చేస్తున్నవారూ ఉన్నారు.

చాలామంది అనుకునేది మంచి మిషన్ దొరికితే చాలు, జవాబు వచ్చేస్తుందని. పోలిక మిషన్ దగ్గర చెడిపోవడం తక్కువ. కాయల సంచీ దగ్గర చెడుతుంది, లేదంటే చివర్లో లెక్క దగ్గర చెడుతుంది. అందుకే ఆ రెండు చోట్ల ఎక్కువసేపు ఆగుతాను.

## 1. ముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"చూర్ణం మంచిదా, కషాయం మంచిదా" అన్నది ప్రయోగశాల తేల్చే ప్రశ్న కాదు. ఏ పదార్థం ఎంత ఉందో రసాయన పరీక్ష చెబుతుంది. జబ్బు తగ్గుతుందా లేదా అన్నది అది చెప్పలేదు. తేలే ప్రశ్న ఇలా ఉంటుంది:

"ఒకే కాయలతో చేసిన చూర్ణం, హిమం, కషాయం మూడింట్లో, ఎండు కాయ గ్రాముకు గాలిక్ ఆమ్లం, ఎల్లాజిక్ ఆమ్లం, చెబులినిక్ ఆమ్లం ఎంతెంత ఉన్నాయి?"

హిమం అంటే పొడిని రాత్రంతా చల్లని నీళ్ళలో నానబెట్టి వడకట్టినది. ఈ వాక్యంలో "ఒకే కాయలతో", "ఎండు కాయ గ్రాముకు" అన్న రెండు మాటల మీదే పనంతా నిలబడుతుంది.

## 2. కాయలు: సగం పని ఇక్కడే

త్రిఫలలోని కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మూడూ మన కొండల్లో దొరికేవే. చలికాలం మొదలుకొని ఎండలు ముదిరేదాకా సంతలకు వస్తూనే ఉంటాయి. ఒడిశా సంతలో హరిడా, బాహాడా, అఁళా అంటారు. గడ్చిరోలి వైపు హిరడా, బెహడా, ఆవళా అంటారు. సంచీ మీద చీటీ రాసేటప్పుడు తెలుగు పేరుతోపాటు స్థానికంగా పిలిచే పేరు, శాస్త్రీయ నామం (టెర్మినాలియా చెబులా, టెర్మినాలియా బెల్లిరికా, ఫిలాంథస్ ఎంబ్లికా) కూడా రాయండి.

కొనేటప్పుడు కాయను చేతిలోకి తీసుకుని చూడండి. ఎండిన కరక్కాయ కోలగా, పసుపు కలిసిన గోధుమరంగులో ఉంటుంది, పొడుగునా అయిదు కోణాలు తేలి కనిపిస్తాయి. తానికాయ గుండ్రంగా ఉంటుంది, పైన సన్నని నూగు వేలికి తగులుతుంది. ఉసిరి ఎక్కువగా ఒరుగుల రూపంలో వస్తుంది. ముడుచుకుని, పులుపు వాసనతో ఉండాలి. నల్లబడి మెత్తగా ఉంటే తడి తగిలిందని అర్థం.

కరక్కాయలో ఒక చిక్కుంది. మహారాష్ట్ర వర్తకులు బాల హిరడా అని అమ్మేవి గింజ గట్టిపడక ముందే రాలిన పిందెలు. నల్లగా, చిన్నగా ఉంటాయి. సురవారి హిరడా అన్నవి ముదిరిన కాయలు. రెండూ ఒకే చెట్టువే అయినా కూర్పు ఒకటి కాదు. చూర్ణానికి ఒకటి, కషాయానికి ఇంకొకటి వాడితే మీకు కనపడేది కాయ వయసులో తేడా. తయారీలో తేడా అని పొరబడతారు.

గింజల సంగతీ అంతే. త్రిఫలకు వాడేది పెచ్చు మాత్రమే. గింజతో సహా దంచితే బరువు పెరుగుతుంది, అసలు పదార్థాల శాతం పడిపోతుంది.

పాళ్ళ విషయం కూడా ముందే తేల్చుకోవాలి. పెచ్చులు తూకంలో సమపాళ్ళుగా కలపడం ఒక పద్ధతి. ఒక కరక్కాయ, రెండు తానికాయలు, నాలుగు ఉసిరికాయలు అని లెక్కపెట్టి కలపడం ఇంకో పద్ధతి. ఏది ఎంచుకున్నా ఫరవాలేదు, మూడు తయారీలకూ అదే ఉండాలి. మొదటిసారి చేసేవారికి సమపాళ్ళే సుఖం.

నమూనా తీసేటప్పుడు సంచీ పైనుంచి గుప్పెడు తీయకండి. దుమ్ము, చిన్న ముక్కలు అడుగుకు చేరతాయి. సంచీ మొత్తం గుమ్మరించి, కుప్పను పలచగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసుకోండి. వాటిని కలిపి మళ్ళీ అలాగే చేయండి. కావలసినంతకు వచ్చేదాకా ఇదే.

ఈ దశలో సరిచూసుకోవలసినవి:

- ఏ ఊరి సంత, ఏ తేదీ, ఎవరు ఎండబెట్టారు, నీడనా ఎండనా
- మూడు రకాల కాయల ఫొటో, పక్కన స్కేలు పెట్టి
- ఒక్కో రకం ఒక పావు కిలో, గాలి చొరని సీసాలో దాచిన సాక్షి నమూనా
- బూజు, పురుగు, తడి లేవని నిర్ధారణ
- గింజలు తీసిన పెచ్చు బరువు

సాక్షి నమూనా దాచకుండా మొదలుపెట్టకండి. ఆర్నెల్ల తర్వాత ఎవరైనా ఫలితాన్ని ప్రశ్నిస్తే మీ దగ్గర చూపించడానికి ఉండేది అదొక్కటే.

## 3. వెతకవలసింది ఏమిటి?

మూడు కాయల్లోనూ ముఖ్యమైనవి టానిన్లు, అంటే నోటికి వగరుగా తగిలే పదార్థాలు. వీటిలో చెబులాజిక్ ఆమ్లం, చెబులినిక్ ఆమ్లం, కోరిలాజిన్ పెద్ద అణువులు. చెబులినిక్ ఆమ్లం అణుభారం సుమారు 957, కోరిలాజిన్‌ది 634. గాలిక్ ఆమ్లం 170, ఎల్లాజిక్ ఆమ్లం 302. ఇవి చిన్నవి.

పెద్ద టానిన్లను నీళ్ళలో మరిగిస్తే విరుగుతాయి. విరిగినప్పుడు బయటపడేవి గాలిక్ ఆమ్లం, ఎల్లాజిక్ ఆమ్లం వంటి చిన్నవి. అంటే కషాయంలో గాలిక్ ఆమ్లం ఎక్కువ కనిపిస్తే, అది కాయలో మొదటినుంచీ ఉన్నది కావచ్చు, పొయ్యి మీద పుట్టినదీ కావచ్చు. అందుకే గాలిక్ ఆమ్లం ఒక్కటే కొలిచి "కషాయం బలమైనది" అని రాయడం తప్పు. పెద్దవి ఎంత తగ్గాయో కూడా చూపించాలి.

ఇంకొకటి. గాలిక్, ఎల్లాజిక్ ఆమ్లాలు మూడు కాయల్లోనూ ఉంటాయి కాబట్టి ఏ కాయ తక్కువైందో వాటితో తెలియదు. చెబులినిక్ ఆమ్లం ప్రధానంగా కరక్కాయది. దాని మీద ఒక కన్నేయండి.

## 4. మూడు తయారీలూ ఒకే రోజు

చూర్ణం. పెచ్చులను విడివిడిగా దంచి, 80 నంబరు జల్లెడ పట్టి, తర్వాత సమపాళ్ళుగా కలపండి. కలిపి దంచితే మెత్తనివి ముందు జల్లెడ దిగిపోతాయి, గట్టివి పైన మిగులుతాయి, పాళ్ళు తప్పుతాయి. పైన మిగిలినదాన్ని పారేయకుండా మళ్ళీ దంచి మొత్తం దిగేదాకా పట్టండి.

హిమం. బరకగా దంచిన పొడి 50 గ్రాములు, చల్లని నీళ్ళు 300 మిల్లీలీటర్లు. ఒకటికి ఆరు పాళ్ళు. రాత్రంతా మూతపెట్టి ఉంచి, పొద్దున పిసికి వడకట్టండి.

కషాయం. అదే బరక పొడి 50 గ్రాములు, నీళ్ళు 800 మిల్లీలీటర్లు. సన్నని సెగ మీద, మూత లేకుండా, ఎనిమిదో వంతు అంటే 100 మిల్లీలీటర్లు మిగిలేదాకా మరిగించి వడకట్టాలి. ఎంత మిగిలిందో కంటితో అంచనా వేయకండి. అదే గిన్నెలో ముందుగా పొడి, 100 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, శుభ్రమైన వెదురు పుల్ల నిలబెట్టి తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గీత పెట్టుకోండి. తర్వాత మిగతా 700 పోయండి.

గిన్నె స్టీలుదో, గాజుదో అయి ఉండాలి. ఇనుప మూకుడు వద్దు. టానిన్లు ఇనుముతో కలిస్తే సిరాలాగా నల్లబడతాయి, మీరు కొలవాలనుకున్న పదార్థం అందులోనే చిక్కుకుపోతుంది. నీళ్ళూ అంతే. మన వైపు చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు బకెట్టుకు ఎర్రమరక పట్టిస్తాయి. ఆ నీళ్ళతో కషాయం కాస్తే పొయ్యి ఎక్కకముందే రంగు మారడం చూడొచ్చు. పరీక్షకు స్వేదనజలమే వాడండి. ఇళ్ళలో కాచే కషాయం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే బోరు నీళ్ళతో ఇంకొకటి చేసి, దాన్ని నాలుగో నమూనాగా విడిగా లెక్కపెట్టండి.

వడకట్టాక చేతికి ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో కొలజాడీతో కొలిచి రాసుకోండి. పిప్పిలో కొంత ఉండిపోతుంది కాబట్టి 100 రాదు. నీళ్ళు కలిపి 100 చేయవద్దు. ఈ అంకె లెక్కలో కీలకం.

ఇప్పుడు ఒక చిన్న విషయం. కషాయం చల్లారాక గాజు గ్లాసులో పోసి కదపకుండా ఉంచండి. గంట గడిచేసరికి అడుగున లేత గోధుమరంగు మడ్డి పేరుతుంది. చాలామంది పైతేట తీసుకుని మడ్డి పారేస్తారు. ఎల్లాజిక్ ఆమ్లం నీళ్ళలో కరగడం చాలా తక్కువ. వేడిమీద ఉన్నది చల్లారగానే ఆ మడ్డిలో దిగిపోతుంది. తాగేవారు కలిపి తాగుతారు కదా, మీరూ బాగా కలిపే నమూనా తీయండి.

## 5. తొలి పరీక్షలు: త్వరగా, కానీ వదలకుండా

చూర్ణం, బరక పొడి రెండింటికీ ఇవి చేయండి:

- తేమ: తూచిన పొడిని 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర బరువు స్థిరపడేదాకా ఆరబెట్టాలి
- మొత్తం బూడిద: 450 డిగ్రీలు మించకుండా కాల్చాలి
- ఆమ్లంలో కరగని బూడిద: ఎక్కువ వస్తే మట్టి, ఇసుక కలిసినట్టు
- నీళ్ళలో కరిగే సారం: 5 గ్రాములు, 100 మిల్లీలీటర్ల క్లోరోఫాం నీళ్ళు (కొద్దిగా క్లోరోఫాం కలిపిన నీళ్ళు), 24 గంటలు

వీటిలో తేమ లేకుండా తర్వాతి లెక్కలేవీ నిలవవు. వానాకాలంలో తెరిచిపెట్టిన త్రిఫల పొడి చూస్తుండగానే తేమ పీలుస్తుంది. తూచే రోజే తేమ చూడండి.

## 6. టీఎల్‌సీ: తక్కువ ఖర్చులో మొదటి పోలిక

టీఎల్‌సీ అంటే థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ: పలచని సిలికా పూత ఉన్న ప్లేటు మీద పదార్థాలను మచ్చలుగా విడదీసే పద్ధతి. చిన్న కాలేజీ ల్యాబులో కూడా ఇది చేయొచ్చు. మిషన్ దొరకనివారు ఇక్కడితో ఆగినా పనికొచ్చే జవాబు వస్తుంది.

నమూనాలు. చూర్ణం 1 గ్రాము తూచి, సగం నీళ్ళు సగం మిథనాల్ కలిపిన ద్రావణం 30 మిల్లీలీటర్లలో అల్ట్రాసోనిక్ బాత్‌లో (ధ్వని తరంగాలతో కుదిపే నీళ్ళ తొట్టి) అరగంట ఉంచి వడకట్టండి. అదే పొడితో ఇంకో రెండుసార్లు చేసి, అన్నీ కలిపి 100 మిల్లీలీటర్లకు సరిచేయండి. బాత్‌లో నీళ్ళు వేడెక్కుతాయి, మధ్యలో మార్చండి. వేడి మిథనాల్‌లో ఎక్కువసేపు ఉంటే మిథైల్ గాలేట్ కొత్తగా పుట్టి మిమ్మల్ని తికమక పెడుతుంది. హిమం, కషాయం బాగా కలిపి 1 మిల్లీలీటరు తీసుకుని, అదే ద్రావణంతో 50 చేయండి.

ప్లేటు. సిలికా జెల్ 60 ఎఫ్254. అడుగు నుంచి 1 సెంటీమీటరు ఎత్తులో పెన్సిల్ గీత. దాని మీద వరుసగా గాలిక్ ఆమ్లం స్టాండర్డ్ (పోల్చడానికి వాడే శుద్ధమైన పదార్థం), ఎల్లాజిక్ ఆమ్లం స్టాండర్డ్, కరక్కాయ ఒక్కటే, తానికాయ ఒక్కటే, ఉసిరి ఒక్కటే, తర్వాత చూర్ణం, హిమం, కషాయం. విడి కాయల వరుసలు లేకుండా చేసిన ప్లేటు చూసి ఏదీ నిర్ధారించలేం.

ద్రావణి. టోల్యూన్, ఇథైల్ ఎసిటేట్, ఫార్మిక్ ఆమ్లం, మిథనాల్ 3:3:0.8:0.2 పాళ్ళలో. ట్యాంకులో వడపోత కాగితం పెట్టి, మూతేసి అరగంట ఆగాకే ప్లేటు దించండి. ద్రావణి 8 సెంటీమీటర్లు ఎక్కాక తీసి ఆరబెట్టండి. ఇదంతా ఫ్యూమ్ హుడ్‌లోనే, గ్లౌజులతో.

చూడటం. ముందు 254, తర్వాత 366 నానోమీటర్ల యూవీ కింద చూసి ఫొటో తీయండి. ఆ తర్వాతే ఫెర్రిక్ క్లోరైడ్ చల్లండి. గాలిక్ రకం పదార్థాలున్న చోట నీలినలుపు మచ్చలు తేలతాయి. ఈ ద్రావణిలో పెద్ద టానిన్లు పైకి ఎక్కవు, మొదలు దగ్గరే ముద్దగా ఉండిపోతాయి. చూర్ణం వరుసలో ఆ ముద్ద చిక్కగా ఉండి, కషాయం వరుసలో అది పలచబడి గాలిక్ మచ్చ ముదిరితే, మరిగించడంవల్ల విరిగాయనడానికి అది మొదటి ఆధారం.

తరచూ వచ్చే ఇబ్బందులు:

- మచ్చ తోకలాగా సాగితే: నమూనా ఎక్కువైంది, లేదా ఫార్మిక్ ఆమ్లం తక్కువైంది
- ద్రావణి అంచులు పైకి, మధ్య కిందికి వంగితే: ట్యాంకు నిండా ఆవిరి పట్టలేదు
- కషాయం మచ్చలు గీతలాగా వస్తే: నీళ్ళు ఆరలేదు, ఒక్కో చుక్క తర్వాత ఆరబెట్టండి
- ఎల్లాజిక్ స్టాండర్డ్ కనపడకపోతే: అది కరగలేదు. ముందు కొద్ది డీఎమ్‌ఎస్‌ఓలో (డైమిథైల్ సల్ఫాక్సైడ్) కరిగించి తర్వాత మిథనాల్ కలపండి

## 7. మొత్తం ఫినాల్స్

టానిన్లు, గాలిక్ ఆమ్లం వంటివన్నీ ఫినాల్స్ అనే కుటుంబానివే. వాటన్నిటినీ కలిపి కొలిచే పరీక్ష ఇది. పలచన చేసిన నమూనా 0.5 మిల్లీలీటరుకు, పదింతలు పలచన చేసిన ఫోలిన్ సియోకాల్టూ కారకం 2.5, 7.5 శాతం సోడియం కార్బొనేట్ 2 మిల్లీలీటర్లు కలిపి, చీకట్లో అరగంట ఉంచి 765 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయండి. మిల్లీలీటరుకు 10 నుంచి 100 మైక్రోగ్రాముల గాలిక్ ఆమ్లం స్టాండర్డ్లతో గీత గీసుకోండి.

ఈ కారకానికి ఉసిరిలోని విటమిన్ సి కూడా స్పందిస్తుంది. కాబట్టి వచ్చిన అంకెను "గాలిక్ ఆమ్లంతో సమానంగా" అని రాయాలి, గాలిక్ ఆమ్లం అంత ఉందని రాయకూడదు. మొత్తం దాదాపు మారకుండా గాలిక్ ఆమ్లం మాత్రం బాగా పెరిగితే, ఉన్నదే రూపం మారిందని తెలుస్తుంది.

## 8. హెచ్‌పీఎల్‌సీ

ద్రవంలోని పదార్థాలను ఒక గొట్టం (కాలమ్) గుండా పంపి, విడదీసి, ఒక్కోటి ఎంతుందో కొలిచే మిషన్ ఇది. మీ కాలేజీలో లేకపోతే దగ్గర్లోని విశ్వవిద్యాలయాన్నో, ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబునో అడగండి. నమూనా ఇచ్చి "టెస్ట్ చేయండి" అంటే సరిపోదు. ఇవి కాగితం మీద రాసివ్వండి:

- సీ18 కాలమ్, 250 మిల్లీమీటర్లు, 5 మైక్రాన్లు
- 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లం కలిపిన నీళ్ళు, అసిటోనైట్రైల్. అసిటోనైట్రైల్ 5 శాతంతో మొదలై 40 నిమిషాల్లో 40 శాతానికి
- నిమిషానికి 1 మిల్లీలీటరు, 270 నానోమీటర్లు
- 0.45 మైక్రాన్ ఫిల్టర్, కానీ మడ్డి మిథనాల్ ద్రావణంలో కరిగాక మాత్రమే
- 5 సాంద్రతల స్టాండర్డ్ గీత
- మూడేసి విడి తయారీలు

చివరిది బాగా గట్టిగా చెప్పండి. ఒకే సీసాను మూడుసార్లు ఎక్కిస్తే మిషన్ నిలకడ తెలుస్తుంది, మీ తయారీ నిలకడ తెలియదు. కషాయం మూడుసార్లు కాచాలి.

గాలిక్ ఆమ్లం చాలా ముందుగా బయటికొస్తుంది, పెద్దవి బాగా వెనక వస్తాయి. ఖర్చు ఎక్కువని 10 నిమిషాలకే పరుగు ఆపేయమని కొందరు అడుగుతారు. అప్పుడు పెద్ద టానిన్లు కనపడకుండానే పోతాయి. తయారైన నమూనాలు ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచి, మర్నాటికల్లా ఎక్కించేయండి.

## 9. లెక్క

ఊహించిన అంకెలతో చేసి చూపిస్తాను. చూర్ణంలో గాలిక్ ఆమ్లం గ్రాముకు 11 మిల్లీగ్రాములు వచ్చిందనుకుందాం. కషాయంలో మిల్లీలీటరుకు 12. పక్కపక్కన పెట్టి "దాదాపు సమానం" అని రాసేస్తారు. ఒకటి గ్రాముకు, ఇంకొకటి మిల్లీలీటరుకు. వీటిని పోల్చలేం.

కషాయం చేతికి వచ్చింది 84 మిల్లీలీటర్లు అనుకోండి.

- మొత్తం గాలిక్ ఆమ్లం: 12 × 84 = 1008 మిల్లీగ్రాములు
- పొడి గ్రాముకు: 1008 ÷ 50 = 20.2 మిల్లీగ్రాములు
- తేమ 8 శాతం తీసేస్తే: 20.2 ÷ 0.92 = 21.9 మిల్లీగ్రాములు
- చూర్ణం: 11 ÷ 0.92 = 12.0 మిల్లీగ్రాములు

సమానం అనుకున్నవి ఇప్పుడు 12, 22. చెబులినిక్ ఆమ్లానికీ ఇదే లెక్క కట్టి పక్కన పెట్టండి. పలచన ఎన్ని రెట్లు చేశారో లెక్కలో కలపడం మరిచిపోకండి. కషాయానికి 50 రెట్లు సరిపోక మళ్ళీ పలచన చేసి ఉంటే, రెండూ గుణించాలి.

రోగి ఒక్కసారికి తీసుకునేదాంట్లో ఎంతుందో వేరే పట్టికలో ఇవ్వండి. ఎండు కాయ గ్రాముకు అన్న పట్టిక తయారీ గురించి చెబుతుంది, మోతాదుకు అన్న పట్టిక వైద్యుడికి పనికొస్తుంది. రెండూ కలిపేస్తే ఎవరికీ అర్థం కాదు.

## 10. ఫలితం వింతగా ఉంటే ఎక్కడ వెతకాలి?

మూడు కషాయాల అంకెలు ఒకదానికొకటి పొసగకపోతే. సెగ చూడండి. ఒకటి గంటలో ఇంకిపోయి, ఇంకొకటి రెండు గంటలు తీసుకుంటే విరిగే టానిన్లూ మారతాయి. ఇంకడానికి పట్టిన సమయం ప్రతిసారీ రాయండి.

హిమంలో అన్నీ తక్కువగా ఉంటే. పొడి మరీ బరకగా ఉండొచ్చు. పొడి పరిమాణం కషాయానికీ హిమానికీ ఒకటేనా చూడండి.

హిమంలోనే గాలిక్ ఆమ్లం ఎక్కువ కనిపిస్తే. ఎండల్లో మూతతీసి ఎక్కువసేపు ఉంచితే పులిసి ఉంటుంది. పులియడంలో సూక్ష్మజీవులు కూడా టానిన్లను విరగ్గొడతాయి. వాసన చూసి, మళ్ళీ చేయండి.

చెబులినిక్ ఆమ్లం మూడింట్లోనూ లేకపోతే. కరక్కాయ దగ్గరికి వెళ్ళండి. సాక్షి నమూనా ఒక్కటే ఎక్కించి చూస్తే తేలిపోతుంది.

బజారు ప్యాకెట్‌తో పోలిక కలవకపోతే. ఆ పొడి ఏ కాయలతో, ఏ పాళ్ళలో, ఎప్పుడు చేశారో మీకు తెలియదు. "ఈ ప్యాకెట్ ఇలా ఉంది" అనవచ్చు, "కల్తీ" అని ఈ ఒక్క పరీక్షతో అనకూడదు.

## 11. రిపోర్టు రాసేముందు

- కాయల మూలం, తేదీ, పాళ్ళు, జల్లెడ నంబరు
- నీళ్ళు ఏవి, గిన్నె ఏది, ఎంతసేపు మరిగింది, ఎంత చేతికి వచ్చింది
- తేమ శాతం
- సగటుతోపాటు మూడు విడి అంకెలూ
- చల్లకముందు, చల్లాక టీఎల్‌సీ ప్లేటు ఫొటోలు
- ఎండు కాయ గ్రాముకు ఒక పట్టిక, మోతాదుకు ఒక పట్టిక

పొడి అమ్మే సంఘాలవారికి ఒక మాట. ఈ పోలిక భద్రత పరీక్ష కాదు. ఆయుర్వేద మందులకు భార లోహాల పరిమితులు వేరే ఉన్నాయి: సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఇన్ని పాళ్ళు). బూజు విషాలు, సూక్ష్మజీవుల పరీక్షలు కూడా విడిగానే చేయించాలి. మందుగా అమ్మాలంటే లైసెన్సు తప్పనిసరి, అది మీ రాష్ట్ర ఆయుష్ లైసెన్సింగ్ అధికారి ఇస్తారు. ల్యాబులో మిథనాల్ తగిలిన నమూనా గానీ, అక్కడి గిన్నెల్లో కాచిన కషాయం గానీ ఎవరికీ రుచి చూపించకండి. మిగిలినదాన్ని సీసా మీద "తాగరాదు" అని తెలుగులోనూ, ఒడియా లేదా మరాఠీలోనూ రాసి వేరే అలమారాలో పెట్టి తాళం వేయండి.